దీర్ఘకాలిక ల్యుకేమియా: మందు మారింది, మన అలవాట్లు మారాలి



గత నెలలో మా వీధిలోని ఒక కుటుంబంవారి అబ్బాయి నన్ను చూడటానికి వచ్చాడు. వయస్సు ముప్పయ్యొక్క సంవత్సరాలు. మూడేళ్ల క్రితం అతనికి దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా ఉన్నట్లు తేలింది. ఇది రక్తానికి వచ్చే క్యాన్సర్లలో ఒకటి. నాటి నుంచి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాడు. ఆ రోజు అతని చేతిలో రక్తపరీక్ష కాగితం ఉన్నది. తెల్లకణాలు 7,200. హిమోగ్లోబిన్ 13.8. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు. ఎందులోనూ లోపం లేదు. కాగితం నా చేతికిచ్చి, "చూడండి తాతగారూ, రక్తం పూర్తిగా బాగుపడింది. అందుకే మాత్రలు మానేసి ఆరు వారాలయింది" అన్నాడు సంతోషంగా.

నేను అతనిని కోప్పడలేదు. కోప్పడే హక్కు నాకు లేదు. సుమారు పదిహేడు సంవత్సరాల క్రితం ఇటువంటి కాగితాన్నే చూసి, 'బాగుంది' అని నా చేతితో నేనే వ్రాశాను. ఆ కథ మీకు చెప్పాలంటే ముందుగా జబ్బు సంగతి, దాని చికిత్స నడిచి వచ్చిన దారి కొంత చెప్పవలసి ఉంటుంది.

జబ్బు స్వరూపం

మన రక్తకణాలన్నీ ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. అవసరమైనన్ని పుట్టి, పని చేసి, వయస్సు తీరగానే నశిస్తాయి. ఈ లెక్క తప్పి తెల్లకణాలు అదుపు లేకుండా పెరగటమే ల్యుకేమియా. కొన్ని రకాలు వారాల వ్యవధిలో ప్రాణం మీదికి తెస్తాయి. వాటిని తీవ్ర ల్యుకేమియాలు అంటాము. మరికొన్ని నెలలు, సంవత్సరాలు నెమ్మదిగా సాగుతాయి. అవే దీర్ఘకాలిక ల్యుకేమియాలు. వీటిలో ముఖ్యమైనవి రెండు: మైలాయిడ్ రకం, లింఫోసైటిక్ రకం. పాశ్చాత్య దేశాలలో రెండవది ఎక్కువ. మన దేశంలో మొదటిదే ఎక్కువగా చూస్తాము. పైగా అక్కడ మైలాయిడ్ రకం అరవైకి దగ్గర పడిన వారిలో ఎక్కువగా కనిపిస్తుండగా, మన దగ్గర ముప్పై, నలభై ఏళ్ల వయస్సులో, సంసారం మోస్తున్న వారిలో కనిపిస్తుంది.

ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది కాదు. తిన్న తిండి వలననో, చేసిన పాపం వలననో వచ్చేది అసలే కాదు. ఈ మూడు మాటలు రోగికి, అతని ఇంటివారికి మొదటి రోజే చెప్పాలి. పెళ్లి కావలసిన చెల్లెలు ఉన్న ఇంట్లో ఈ మాటలకు ఎంత విలువ ఉంటుందో నేను చూశాను.

బుసల్ఫాన్ రోజులు

1984లో నేను ఒక కోస్తా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ముప్పై నాలుగేళ్ల ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు ఒకరు వచ్చారు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతున్నదని, ఎడమవైపు బరువుగా ఉంటున్నదని ఆయన ఫిర్యాదు. పొట్ట మీద చేయి వేయగానే ప్లీహం బొడ్డు దాకా పెరిగి తగిలింది. తెల్లకణాలు 2,40,000. మామూలు మనిషికి ఘన మిల్లీమీటరు రక్తంలో పదకొండు వేలకు మించవు. సూక్ష్మదర్శినిలో చూడగానే జబ్బు పేరు తెలిసిపోయింది.

నాడు మా చేతిలో ఉన్నది బుసల్ఫాన్ మాత్ర. 1950లలో వచ్చిన మందు. పెరుగుతున్న కణాలను చంపేది. జబ్బు కణమా, మంచి కణమా అన్న విచక్షణ దానికి లేదు. కణాల సంఖ్య తగ్గుతున్న కొద్దీ మోతాదు తగ్గించి, ఇంకా మామూలు స్థాయికి రాకముందే ఆపివేయాలి. ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం వారాల తరబడి సాగుతుంది గనుక ఆలస్యం చేస్తే మూలుగ ఎండిపోయే ప్రమాదం ఉండేది. ఎక్కువ కాలం వాడితే చర్మం నల్లబడేది, కొందరిలో ఊపిరితిత్తులు గట్టిపడేవి. తర్వాతి కాలంలో దాని స్థానంలోకి హైడ్రాక్సీయూరియా వచ్చింది. అది కొంత మృదువైనది, కొంత మేలైనది. అయితే రెండూ చేసిన పని ఒక్కటే. లెక్క తగ్గించటం.

మాష్టారు నెల తిరగకుండానే కోలుకున్నారు. ప్లీహం తగ్గింది. తిరిగి బడికి వెళ్లారు. నెలకొకసారి వచ్చి రక్తం ఇచ్చేవారు. నేను సంఖ్య చూసి మోతాదు సరిచేసేవాడిని. అలా మూడు సంవత్సరాలు గడిచాయి. ఆ జబ్బు స్వభావమే అది. కొన్నేళ్లు నిలకడగా ఉంటుంది, తర్వాత వేగం పుంజుకుంటుంది, చివరకు తీవ్ర ల్యుకేమియాగా మారుతుంది. ఆ చివరి దశను బ్లాస్ట్ దశ అంటాము. నాలుగవ సంవత్సరం వేసవిలో ఆయన చిగుళ్ల వెంట రక్తంతో, జ్వరంతో వచ్చారు. పది రోజులకు మించి నిలబడలేదు.

జబ్బు పేరు మాష్టారికి నేను ఏనాడూ చెప్పలేదు. ఆయన భార్యకు వరండాలోకి పిలిచి చెప్పాను. నాటి పద్ధతి అది. చెప్పి చేయగలిగేది ఏమున్నది అనుకునేవాళ్లం. మన దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగిందని పత్రికలలో చదివాము గాని, జిల్లాలోని బడిపంతులుకు అది అందని చందమామ. తర్వాత వచ్చిన ఇంటర్‌ఫెరాన్ సూదిమందు కొందరికి మేలు చేసింది. దాని ఖరీదు, అది తెచ్చే జ్వరాలు, నీరసం, దిగులు తట్టుకోగలిగినవారు తక్కువ.

ఒక పొట్టి క్రోమోజోము తెచ్చిన మార్పు

మేము లెక్కలు తగ్గించుకుంటూ కూర్చున్న కాలంలోనే అమెరికాలో ఈ జబ్బు మూలం కోసం వెదుకులాట సాగుతున్నది. 1960లో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ రోగుల కణాలలో ఒక క్రోమోజోము ఉండవలసిన దానికంటే పొట్టిగా ఉన్నదని గమనించారు. దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. 1973లో జానెట్ రౌలీ అనే వైద్యురాలు అసలు సంగతి కనుగొన్నారు. తొమ్మిదవ క్రోమోజోము, ఇరవై రెండవ క్రోమోజోము తమ ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకున్నాయి. ఆ మార్పిడిలో రెండు వేర్వేరు జన్యువులు అతుక్కొని బి.సి.ఆర్.–ఏ.బి.ఎల్. అనే కొత్త జన్యువు ఏర్పడుతుంది. ఆ జన్యువు తయారుచేసే ఎంజైము కణాన్ని 'విభజన చెందు, విభజన చెందు' అని విరామం లేకుండా తొందరపెడుతుంది. కట్టివేయటానికి వీలులేకుండా పాడైపోయిన కుళాయి వంటిది అది.

బుసల్ఫాన్ చేసిన పని నేల మీద పారుతున్న నీటిని తుడవటం. కుళాయినే కట్టివేసే మందు ఇమాటినిబ్. ఆ ఎంజైము శక్తిని అందుకునే చోటులో ఇమిడిపోయి దానిని పనిచేయనీయదు. బ్రయాన్ డ్రూకర్ అనే వైద్యుని ఆధ్వర్యంలో 1998లో రోగులపై మొదటి పరీక్షలు ఆరంభమయ్యాయి. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి లభించింది. ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టిన రోగులను పదేళ్లకు పైగా వెంబడించి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో, పదేళ్ల తర్వాత సుమారు 83 శాతం మంది బ్రతికి ఉన్నారు. మాష్టారి వంటివారు నాలుగైదేళ్లకు చనిపోవటం కళ్లారా చూసిన నాకు ఆ అంకె చదివినప్పుడు చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

మందు వచ్చింది సరే, ధర మాట ఏమిటి? కనిపెట్టిన సంస్థ అమ్మే గ్లివెక్ ఖరీదు మన దేశంలో నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉండేది. హైదరాబాదులోని నాట్కో సంస్థ, మరికొన్ని భారతీయ సంస్థలు అదే మందును నెలకు ఎనిమిది, పది వేలకు అందించాయి. దాని మీద పేటెంటు వివాదం చాలా కాలం సాగింది. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం పేటెంటును నిరాకరించగా, 2013 ఏప్రిల్ 1న సుప్రీం కోర్టు ఆ నిరాకరణను ఖాయం చేసింది. అంతకు ముందే, 2002 నుంచి, ఆ విదేశీ సంస్థ ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా పేద రోగులకు ఉచితంగా మందు ఇచ్చే కార్యక్రమం కూడా మన దేశంలో నడిపింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇమాటినిబ్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

నా పొరపాటు

2006లో ఇరవై తొమ్మిదేళ్ల చేనేత కార్మికుడు ఒకడు మాష్టారి లక్షణాలతోనే నా దగ్గరకు వచ్చాడు. ఈసారి నేను జబ్బు పేరు దాచలేదు. హైదరాబాదు పంపించాను. అక్కడ నిర్ధారణ చేసి, రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మొదలుపెట్టి, రక్తపరీక్షలు దగ్గరలో చేయించుకోవచ్చునని తిరిగి నా వద్దకు పంపారు. రెండు నెలలలో రక్తం మామూలు స్థితికి వచ్చింది. ప్లీహం చేతికి తగలకుండా పోయింది. అతడు మగ్గం ఎక్కాడు. ఆ మార్పు చూసి నేను పొందిన ఆనందం ఇంతని చెప్పలేను.

నెలకొకసారి, తర్వాత రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాడు. నేను తెల్లకణాల సంఖ్య చూసేవాడిని. 6,800. 7,500. 8,100. ప్రతిసారీ చీటీ మీద 'బాగుంది, మందు కొనసాగించవలెను' అని వ్రాసేవాడిని. ఆ చీటీ వ్రాయటానికి నాకు ఒక నిమిషం పట్టేది. బయట వరండాలో ఎనభై మంది వేచి ఉండేవారు.

2008 చివర, నా ఉద్యోగ జీవితపు ఆఖరి సంవత్సరంలో, అతన్ని భార్య, బావమరిది పట్టుకొని తీసుకువచ్చారు. ఎముకల నొప్పులు, జ్వరం, ఒంటి నిండా ఎర్రని మచ్చలు. రక్తంలో బ్లాస్ట్ కణాలు. జబ్బు చివరి దశకు చేరింది. హైదరాబాదు పంపించాను గాని, నెల దాటలేదు.

తర్వాత ఆమె మరణ ధృవీకరణ పత్రం పని మీద వచ్చినప్పుడు అడిగాను. "అయ్యా, నెల మందు రెండు నెలలు వస్తుందని రోజు విడిచి రోజు వేసుకునేవాడు. మగ్గం ఆపి హైదరాబాదు పోతే వారం కూలి పోతుందని అక్కడికి పోవటం మానేశాడు. మీరు ప్రతిసారీ బాగుందనే రాశారు గదా, ఇంకేం భయం లేదనుకున్నాం" అన్నది. ఆమె నన్ను నిందించలేదు. ఉన్నమాట చెప్పింది. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

పాఠకులారా, నేను ఎక్కడ తప్పానో గమనించండి. మందు కొత్తది. దానిని కొలిచే నా కొలబద్ద మాత్రం బుసల్ఫాన్ కాలం నాటిది. ఇరవై ఏళ్లుగా తెల్లకణాల సంఖ్య చూసి చికిత్స చేసిన చేయి, మందు మారిన తర్వాత కూడా ఆ సంఖ్యనే చూసింది. రోజూ వేసుకుంటున్నావా, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నదా అని ఒక్కసారి అడగలేదు. జన్యుపరీక్ష చేయించుకు రమ్మని ఒత్తిడి చేయలేదు. అప్పట్లో దాని ఖర్చు వేలల్లో ఉండేదన్న మాట నిజమే. ఉచితంగా మందు ఇచ్చే కార్యక్రమానికి ప్రయత్నించమని చెప్పాలని కూడా నాకు తోచలేదు.

లెక్కపెట్టవలసినది వేరు

మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే చాలామందిలో రక్తకణాల సంఖ్య మామూలు స్థితికి వస్తుంది. అప్పటికి కూడా శరీరంలో జబ్బు కణాలు కోట్ల సంఖ్యలో మిగిలి ఉంటాయి. సాధారణ రక్తపరీక్షకు అవి కనిపించవు. వాటిని చూడగలిగినది బి.సి.ఆర్.–ఏ.బి.ఎల్. పి.సి.ఆర్. పరీక్ష. లక్ష కణాలలో ఒక్క జబ్బు కణం ఉన్నా పసిగట్టగల సూక్ష్మత దానికి ఉన్నది. చేతి నుంచి తీసిన రక్తం చాలు, ప్రతిసారీ మూలుగ పరీక్ష అక్కరలేదు.

ఆ పరీక్ష ఫలితాన్ని అంతర్జాతీయ కొలమానంలో శాతంగా ఇస్తారు. మూడు నెలలకు 10 శాతం లేదా అంతకంటే తక్కువ, ఆరు నెలలకు 1 శాతం లేదా తక్కువ, సంవత్సరానికి 0.1 శాతం లేదా తక్కువ. ఇవి చికిత్స సక్రమంగా సాగుతున్నదని చెప్పే మైలురాళ్లు. మొదట మూడు నెలలకొకసారి, నిలకడ వచ్చిన తర్వాత మూడు నుంచి ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష చేయించాలి. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించటం మంచిది. వేర్వేరు చోట్ల వచ్చిన అంకెలను పోల్చి చూస్తే పొరబడే అవకాశం ఉన్నది.

అంకె పెరిగితే మందు పనిచేయటం లేదని వెంటనే అనుకోరాదు. మాత్రలు ఏమైనా తప్పాయా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఇంగ్లండులో జరిగిన ఒక అధ్యయనంలో, వేసుకోవలసిన మాత్రలలో 90 శాతం కంటే ఎక్కువ వేసుకున్నవారికి, అంతకు తక్కువ వేసుకున్నవారికి ఫలితంలో చాలా పెద్ద తేడా కనిపించింది. 90 శాతం అంటే నెలకు మూడు మాత్రలు తప్పటం. రోజు విడిచి రోజు వేసుకున్న మా చేనేత యువకుని సంగతి మీరే ఊహించుకోండి.

మాత్రలు తప్పకపోయినా అంకె పెరుగుతుంటే, జబ్బు జన్యువు రూపం మార్చుకున్నదేమో చూసే పరీక్ష చేస్తారు. ఇప్పుడు ఇమాటినిబ్ ఒక్కటే లేదు. 2006లో డాసాటినిబ్, 2007లో నిలోటినిబ్, 2012లో బోసుటినిబ్, పొనాటినిబ్, 2021లో అసిమినిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. రోగి వయస్సు, గుండె, ఊపిరితిత్తులు, మధుమేహం వంటివి చూసి ఏది తగునో రక్తవ్యాధుల నిపుణులు నిర్ణయిస్తారు. కొత్తది కాబట్టి మంచిదని చెప్పటానికి లేదు. డాసాటినిబ్ కొందరిలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుస్తుంది. నిలోటినిబ్ రక్తంలో చక్కెర పెంచవచ్చు, రక్తనాళాలు పూడుకుపోవటానికి దారితీయవచ్చు.

మాత్రతో జీవించటం

ఇమాటినిబ్‌ను భోజనంతో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పుడుతుంది. నిలోటినిబ్‌కు ఇందుకు వ్యతిరేకం. దానికి ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినరాదు. మందు మారినప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకోండి.

ఇమాటినిబ్ వేసుకునే వారికి ఉదయం లేవగానే కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయటం, విరేచనాలు, చర్మం రంగు తగ్గటం కనిపించవచ్చు. ఇవి సాధారణంగా ప్రమాదకరం కావు. వీటితో విసిగి, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానటమే ప్రమాదం. పిక్కల నొప్పితో ఆరు నెలలు నిద్ర లేనివాడు మందు మానేశాడంటే తప్పు అతనిది మాత్రమే కాదు, ఆ నొప్పి గురించి అడగని వైద్యునిది కూడా. చెప్పండి, సర్దుబాటు చేసే మార్గాలు ఉన్నాయి.

మన ప్రాంతంలో మరొక జాగ్రత్త ముఖ్యం. క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ రక్తంలో ఇమాటినిబ్ మోతాదును బాగా తగ్గించివేస్తాయి. కొన్ని శిలీంధ్ర సంబంధమైన మందులు పెంచుతాయి. కడుపుమంటకు వేసుకునే మాత్రలు డాసాటినిబ్ ఒంటబట్టకుండా చేస్తాయి. కాబట్టి ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, మీరు వాడే మాత్ర పేరు ముందుగా చెప్పండి. పసరు మందులు, పొడులు అడగకుండా వాడకండి.

సంతానం కోరుకునే స్త్రీలు ముందుగానే నిపుణులతో మాట్లాడాలి. గర్భం తొలి నెలలలో ఈ మాత్రలు బిడ్డ అవయవాలకు హాని చేయవచ్చు. జబ్బు బాగా అణిగిన తర్వాత, పర్యవేక్షణలో మందు ఆపి బిడ్డను కన్న తల్లులు ఉన్నారు. గర్భం వచ్చిందని తెలిసి భయంతో సొంతంగా నిర్ణయం తీసుకోవటం కంటే, ముందుగా ఆలోచించుకోవటం వేయిరెట్లు మేలు. బిడ్డకు పాలిచ్చే కాలంలో ఈ మాత్రలు వాడరాదు.

మానవచ్చునా?

మొదట మాకు చెప్పిన మాట 'ఈ మాత్ర జీవితాంతం' అని. ఆ మాట కూడా మారింది. ఫ్రాన్సులో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. రెండేళ్లకు పైగా జబ్బు జాడ కనిపించని నూరు మందికి ఇమాటినిబ్ ఆపి చూశారు. సుమారు నలభై శాతం మందికి జబ్బు తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారిలో ఎక్కువమందికి మొదటి ఆరు, ఏడు నెలలలోనే వచ్చింది. మందు మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరిలోనూ అణిగింది. తర్వాతి అధ్యయనాలలో సగం మంది వరకు మందు లేకుండా ఉండగలిగారు.

నాకు తెలిసిన ఒక అంగన్‌వాడీ కార్యకర్త పదకొండేళ్లు ఒక్కరోజు తప్పకుండా మాత్ర వేసుకున్నది. చివరి నాలుగేళ్లు పి.సి.ఆర్.లో జబ్బు జాడ లేదు. నిపుణుల సలహాతో ఆపింది. నెలనెలా పరీక్ష చేయించుకున్నది. అయిదవ నెలలో అంకె 0.1 శాతం దాటింది. మళ్లీ మాత్ర మొదలుపెట్టారు. కొన్ని నెలలలో తిరిగి అణిగింది. "అన్ని నెలలు మాత్ర లేకుండా ఉన్నాను కదా డాక్టరుగారూ, అదే చాలు" అన్నది నవ్వుతూ. ఆమె ఓడిపోయిందని నేను అనుకోను.

అయితే ఆపటానికి నియమాలు ఉన్నాయి. జబ్బు మొదటి దశ దాటి ఉండకూడదు. ఇమాటినిబ్ అయిదేళ్లకు పైగా వాడి ఉండాలి. రెండేళ్లకు పైగా అంకె 0.01 శాతం లేదా అంతకంటే దిగువన ఉండాలి. ఆపిన తర్వాత మొదటి ఆరు నెలలు ప్రతి నెలా, తర్వాతి ఆరు నెలలు రెండు నెలలకొకసారి, ఆ పైన మూడు నెలలకొకసారి పరీక్ష చేయించుకోగలగాలి. ఫలితం త్వరగా చేతికందే వీలు ఉండాలి. ఇవి లేనప్పుడు ఆపటం, కాపలాదారుని పంపివేసి తలుపులు తెరచి పడుకోవటమే.

రెండవ రకం: వేచి చూడటమూ చికిత్సే

లింఫోసైటిక్ రకం గురించి కూడా కొంత చెప్పాలి. ఇది సాధారణంగా అరవై దాటినవారిలో, వేరే పని మీద చేయించిన రక్తపరీక్షలో బయటపడుతుంది. ఒకప్పుడు లింఫోసైట్ల సంఖ్య అరవై వేలు అని చూడగానే కంగారుపడి క్లోరాంబ్యుసిల్ మాత్రలు వ్రాసినవారిలో నేనూ ఉన్నాను. ఏ బాధా లేని వృద్ధునికి ఆ మాత్రలతో మేలు జరగదు, దుష్ఫలితాలు మాత్రం రావచ్చు. ఈ రకంలో కేవలం సంఖ్య పెరిగినంత మాత్రాన చికిత్స అక్కరలేదు. రక్తహీనత, ప్లేట్‌లెట్లు తగ్గటం, బాధపెట్టే గడ్డలు, పెద్దదైన ప్లీహం, కారణం లేకుండా బరువు తగ్గటం, జ్వరాలు, రాత్రి బట్టలు తడిసే చెమటలు, ఆరు నెలల లోపు సంఖ్య రెట్టింపు కావటం, వీటిలో ఏదైనా ఉన్నప్పుడే ఆలోచిస్తారు. కొందరికి జీవితాంతం మందే అవసరం పడదు. అప్పటి వరకు క్రమం తప్పని పరీక్షలు, వైద్యుడు సూచించిన టీకాలు చాలు.

చికిత్స అవసరమైనప్పుడు ముందుగా జన్యుపరీక్షలు చేసి మందు ఎంచుకుంటారు. 2014లో ఇబ్రూటినిబ్, 2016లో వెనెటోక్లాక్స్ ఈ జబ్బుకు అమెరికాలో అనుమతి పొందిన తర్వాత, చాలామందికి పాత కీమోథెరపీ అవసరం తగ్గింది. ఇబ్రూటినిబ్ వాడేవారిలో గుండె లయ తప్పటం, రక్తస్రావం జరగవచ్చు. పన్ను తీయించుకునే ముందు కూడా చెప్పాలి. వెనెటోక్లాక్స్ మోతాదును వారం వారం జాగ్రత్తగా పెంచుతారు. వేరొక మందుతో కలిపి నిర్ణీత కాలం వాడి ఆపివేసే పద్ధతి కూడా ఉన్నది.

వెనుదిరిగి చూస్తే నా రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే అనిపిస్తుంది. ఒక రకంలో మామూలుగా ఉన్న సంఖ్యను నమ్మి నిశ్చింతగా ఉన్నాను. రెండవ రకంలో పెరిగిన సంఖ్యను చూసి భయపడ్డాను. రెండు చోట్లా కాగితం చూశాను, ఎదురుగా కూర్చున్న మనిషిని అడగలేదు.

మీకు నా మనవి

రోగులకు: బాగున్నామని మాత్ర మానకండి. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే బాగున్నారు. డబ్బుకు ఇబ్బందైతే దాచకండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ సహాయకులను, సామాజిక కార్యకర్తలను అడగండి. ప్రభుత్వ పథకాలో, ఉచిత మందుల కార్యక్రమాలో, ఏదో ఒక దారి దొరకవచ్చు. మాత్రలు సగం చేసుకోవటం మాత్రం దారి కాదు.

ఇంటివారికి: మాత్ర వేసుకున్నావా అని అనుమానంగా కాక ఆప్యాయంగా అడగండి. రాత్రి భోజనం తర్వాత వేసుకునే అలవాటు చేయించి, క్యాలెండరులో గీత పెట్టించండి.

నా తోటి వైద్యులకు, ముఖ్యంగా చిన్న ఊళ్లలో పనిచేస్తున్న యువ మిత్రులకు: ఈ రోగులు మందు తీసుకునేది పెద్ద నగరంలో, మాట్లాడేది మీతో. రక్తపరీక్ష కాగితం చూసిన తర్వాత ఒక్క నిమిషం ఆగి, ఈ నెలలో ఎన్ని మాత్రలు తప్పాయి అని అడగండి. 'తప్పాయా' అంటే లేదంటారు. 'ఎన్ని తప్పాయి' అంటే చెబుతారు.

మా వీధి అబ్బాయిని ఆ మర్నాడే నిపుణుల వద్దకు పంపించాను. మాత్రలు మానే ముందు 0.02 శాతంగా ఉన్న అంకె 0.9కి పెరిగింది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడు. మొదట కొంత చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు అతనికి చేనేత యువకుని సంగతి చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి పరీక్షకు ఇంకా రెండు నెలలు ఉన్నది. ఆ తేదీని అతని క్యాలెండరులోనే కాక నా క్యాలెండరులో కూడా వ్రాసి పెట్టుకున్నాను.

మనవి: ఈ వ్యాసం వైద్య విషయాలపై అవగాహన కొరకు మాత్రమే. మందులు మొదలుపెట్టటం, మార్చటం, ఆపటం మీకు చికిత్స చేస్తున్న వైద్యుల సలహాతోనే జరగాలి.